నైట్ షిఫ్టు తాళం

గోదావరిఖని కాలనీలో ఒక క్వార్టర్‌కి బయట తాళం వేలాడుతుంటే, లోపల ఎవరూ లేరని అనుకునేవాడు ఊరికి కొత్తవాడై ఉండాలి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మగమనిషి లోపల పడుకుని ఉంటాడు. భార్య బయట నుంచి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని తన పని మీద తాను పోతుంది. చందాల వాళ్లు, చీటీల వాళ్లు, వేళాపాళా లేని చుట్టాలు తాళం చూసి వెనక్కి పోతారు. పాతవాళ్లయితే ఆ తాళం భాష తెలుసు కనక గేటు దాకా కూడా రారు. లోపలి మనిషికి అవసరమైతే దొడ్డితలుపు ఎలాగూ ఉంది, దానికి లోపలే గడియ. బొగ్గు మీద బతికే ఊళ్లో పగటినిద్రకి ఉన్నంత మర్యాద గుళ్లో దేవుడికి కూడా లేదంటే అబద్ధం కాదు.

రఘుపతి ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే అతని భార్య రాజకుమారి కూడా ఇలాగే తాళం వేసేది. నిజానికి అతని నిద్రకి తాళం అక్కర్లేదు, తలగడ కూడా అక్కర్లేదు. నిద్ర సుఖమెరుగదు అన్న మాట అతన్ని చూసే పుట్టిందని వీధిలో వాళ్లు నవ్వుకునేవారు. పక్క క్వార్టర్ సారవ్వ అయితే గోడకి చెవి ఆనించి, “ఏం రఘుపతీ, డంపరు గనిల ఇడిసిపెట్టి వస్తలేవా, ఇంటికే తెస్తున్నవా?” అని అతని గురక మీద ఆటపట్టించేది.

ఆ నిద్ర కిందటి ఎండాకాలంలో పోయింది. పోయింది అనడం కూడా తప్పే. చేతులారా పోగొట్టుకున్నాడు.

ఆ రోజు ఎండ సంగతి చెప్పక్కర్లేదు, రామగుండం వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో అక్కడి కాకులకి తెలుసు. రఘుపతి డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, కిటికీ కూలర్‌కి ఎదురుగా మంచం మీద వాలాడు. రాజకుమారి తాళం వేసి బజారుకి పోయింది. కళ్లు మూతలు పడబోతున్నాయి కానీ ఇంకా పడలేదు. అప్పుడు కిటికీ దగ్గర పిలుపు వినిపించింది.

“రఘుపతీ... ఓ రఘుపతీ...”

సారవ్వ గొంతు. అతనికి బాగా తెలుసు. ఆమె కొడుకు రాయమల్లు ఫస్ట్ షిఫ్టులో భూమి కింద ఉన్నాడు, కోడలు రమ ఏదో పెళ్లికని తల్లిగారింటికి పోయింది. ముసలామె ఒక్కతే ఉందని కూడా అతనికి తెలుసు. కానీ ఆ మధ్య సారవ్వ చిన్నచిన్న వాటికి వస్తుండేది, టీవీలో బొమ్మ రావడం లేదనో, ఫోన్‌లో మాట వినిపించడం లేదనో. ఇదీ అలాంటిదే, ముసల్దానికి చాదస్తం ముదిరింది అనుకుని విసుక్కున్నాడు. మళ్లీ పిలిచింది. కిటికీ చెక్క మీద అరచేత్తో తట్టిన చప్పుడు. రఘుపతి చెయ్యి చాచాడు. కూలర్ నాబ్ పట్టుకుని ఆఖరు దాకా తిప్పాడు. కూలర్ హోరు గదంతా నిండింది, సారవ్వ గొంతు అందులో కలిసిపోయింది. ఆ హోరులో అతను హాయిగా, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. అంత మంచి నిద్ర ఆ ఏడాదిలో పట్టలేదు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అతన్ని ఎక్కువగా కోసింది ఆ సుఖమే.

రాజకుమారి కేకకి మెలకువ వచ్చింది. సారవ్వ వాళ్ల గడప ముందు ఒక పక్కకి పడి ఉంది. నోరు వంకర తిరిగింది. అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోయారు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు సగం పోయింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే చెయ్యి దక్కేదేమో అని అక్కడి డాక్టరు మాటవరసకి అన్నాడు. డాక్టర్లు మాటవరసకి అన్నవే మనుషులు జీవితాంతం మోస్తారు.

షిఫ్టు దిగి నేరుగా వచ్చిన రాయమల్లు ఆసుపత్రి వరండాలో అడిగాడు.

“అన్నా, అవ్వ పిలిస్తె నీకు ఇనరాలేదా?”

“నిద్రల ఉన్న తమ్మీ,” అన్నాడు రఘుపతి.

“నైట్ షిఫ్టు మనిషివి, నీకేం తెలుస్తది తియ్యి,” అని రాయమల్లే అతని భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాడు.

ఆ క్షణంలో చెప్పి ఉంటే ఎలా ఉండేదో. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక అతనికి అసలు సంగతి ఒకటి వెలిగింది. సారవ్వ మగడు బతికినన్నాళ్లూ గనిలో పనిచేశాడు. ఆయన పగటినిద్రలకి కావలి కాసి కాసి తల నెరిసిన మనిషి ఆమె. టీవీకోసం వచ్చినా, ఫోనుకోసం వచ్చినా తాళం లేని వేళ చూసుకునే వచ్చేది. నైట్ షిఫ్టు తాళం ఉన్న ఇంటి కిటికీ దగ్గర ఆమె గొంతెత్తడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఈ ఊళ్లో పుట్టి, ఈ బొగ్గులో పెరిగినవాడు, అది తెలుసుకోవద్దా?

ఇక్కడితో అయితే అతని పాపం అతని దగ్గరే ఉండేది. కానీ అది పక్కింటి రమ నోటి మీదుగా రాజకుమారి నెత్తిన పడింది. అత్తని ఒంటరిగా వదిలి పెళ్లికి పోయిన బాధ రమకి ఉంది. ఆ బాధని ఎక్కడ దించుకోవాలో తెలియక, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే వీధిలో అందరి ముందూ అనేసింది.

“తాళమేసుకొని బజార్ల తిరుగపోతివి అక్కా. నువ్వు ఇంట్ల ఉంటె మా అత్త బతుకు గిట్లయ్యేదా?”

రాజకుమారి మామూలుగా ఒక మాటకి రెండు అప్పగించే మనిషి. ఆరోజు మాత్రం తల దించుకుంది. ఎందుకంటే బజారులో కూరగాయల పని ఎప్పుడో అయిపోయింది. గాజుల కొట్టు దగ్గర కూర్చుని ఆ గాజులూ ఈ గాజులూ వేయించుకుంటూ ఆలస్యం చేసింది. ఆ సంగతి ఆమెకి తెలుసు. అది చాలు ఆమెకి. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నూనె వెచ్చచేసి పట్టుకుపోయి సారవ్వ చేతినీ కాలినీ ఒత్తడం మొదలుపెట్టింది. నైట్ షిఫ్టు వారాల్లో తాళం వేయడం మానేసింది. వాకిట్లో పీట వేసుకుని, చిక్కుడుకాయలు గిల్లుతూ, వచ్చేపోయేవాళ్లకి వేలు పెదవుల మీద పెట్టి చూపిస్తూ, కావలి కూర్చునేది.

లోపల రఘుపతి కళ్లు మూసుకుని మేలుకుని ఉండేవాడు.

“నీ తప్పు లేదు రాజీ,” అనేవాడు అప్పుడప్పుడు.

ఆ మాట విన్నప్పుడు ఆమె మొహం ఒక్క నిమిషం తేటపడేది. పైట చెంగుతో కళ్లు తుడుచుకుని లేచి పనిలో పడేది.

నిద్ర లేని మనిషి నడిపే డంపర్ అంటే మాటలు కాదు, కదిలే ఇల్లు. ఒకసారి మట్టి పోసే చోట వెనక్కి తీస్తూ కునికాడు. కింద సైగలు చేసే మనిషి విజిల్ ఊది ఊది రాయి పుచ్చుకుని అద్దానికి విసిరితే గానీ బ్రేకు మీద కాలు పడలేదు. ఆ మనిషి పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. రఘుపతి బండి దిగి, తనే పోయి సార్లకి చెప్పుకున్నాడు. వాళ్లు దవాఖానకి పొమ్మన్నారు.

అక్కడి డాక్టరు మైత్రి, కోనసీమ వైపు అమ్మాయి. ఓపికగా అన్నీ అడిగింది. షిఫ్టు మనుషుల నిద్ర గురించి చదువుకున్నట్టుంది, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. డ్యూటీ సగం దాటాక టీ ముట్టకూడదు. ఇంటికి వచ్చేటప్పుడు ఎండ కళ్లలో పడకుండా నల్లద్దాలు పెట్టుకోవాలి, ఎండ పడితే ఒళ్లు తెల్లారిందనుకుంటుంది. గది చీకటిగా ఉండాలి. ఫోన్ వేరే గదిలో పెట్టాలి. రోజూ ఒకే వేళకి పడుకోవాలి. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కాసేపు కూర్చోవాలి. అన్నీ చెప్పి ఆఖరున అడిగింది.

“మంచం మీద వాలగానే మొదట ఏం గుర్తొస్తుందండీ మీకు?”

“ఏం లేదు మేడం.”

“ఏమీ లేకపోతే నిద్ర వస్తుందండి,” అందామె, నవ్వకుండా.

రఘుపతి అన్నీ చేశాడు. టీ మానేశాడు. నల్లద్దాలు కొన్నాడు. బొగ్గుమసి మొహం మీద నల్లద్దాలతో బండి మీద వస్తుంటే కాలనీ పిల్లలు హీరో వచ్చాడని వెంటపడ్డారు. రాజకుమారి నల్లగుడ్డ తెచ్చి కిటికీలకి రెండు మడతలు కుట్టింది. పట్టపగలు ఆ గది గనిలా ఉండేది. ఇవన్నీ పనికిరానివని చెప్పడం లేదు, అదే వీధిలో జగదీశ్వర్ అనే ఇంకో నైట్ షిఫ్టు మనిషి ఇవే చేసి గుర్రు పెట్టి నిద్రపోయాడు. రఘుపతికి మాత్రం చీకటి చేసినకొద్దీ చెవులు తెరుచుకునేవి. కిటికీ దగ్గర ఎవరో పిలుస్తున్నట్టు ఉండేది. వానాకాలం వచ్చి కూలర్ తీసి మూలన పెట్టినా చెవులు మాత్రం అక్కడే కాసుకుని ఉండేవి.

ఇవి చాలనట్టు సారవ్వ వైద్యం ఒకటి. మాట తడబడుతున్నా రాజకుమారితో చెప్పి పంపేది. గసగసాలు నూరి పాలల్లో కలిపి ఇమ్మంది. అరికాళ్లకి ఆముదం రాయమంది. “పండుకోని మనిషి పాణం ఎట్ల నిలుస్తది బిడ్డా,” అని ఆరాటపడేదట. ఆ పాలు గొంతు దిగేవి కావు. సారవ్వ చెయ్యి ఒత్తి వచ్చిన చేతులతోనే రాజకుమారి అతని అరికాళ్లకి ఆముదం రాయబోతే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“ఏందయ్యా, చక్కిలిగిలి అయితాందా?” అందామె.

“ఊకె,” అన్నాడు.

దసరా దాటింది. మళ్లీ నైట్ షిఫ్టు వారం. పొద్దున అతను డ్యూటీ దిగి వచ్చేసరికి రాజకుమారి పొయ్యి వెలిగించలేదు, తడిబట్టలతో దేవుడి పటం ముందు కూర్చుని ఉంది. సోమవారం కూడా కాదు. ఏమిటని అడిగితే చెప్పడానికి మొదట ఇష్టపడలేదు. తర్వాత నేల చూస్తూ చెప్పింది.

“రెండు నెలలసంది ఒక్కపొద్దులున్న. నీకు ఎరుకలే. ముసలామె ఉసురు నాకు తాకాలె గదా, నీకు తాకింది. నేను జేసిన పాపానికి నీకు నిద్రస్తలేదు. రాత్రి నువ్వు బండెక్కినవంటె పొద్దుందాక నా పాణం నిలుస్తలేదు. నీకేమన్న అయితె నేనెట్ల బతకాలె?”

రఘుపతి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్లూ తన తప్పుకి ఆమె సేవ చేస్తోందనే అనుకున్నాడు. అతనికి నిద్ర పట్టకపోవడాన్ని కూడా ఆమె తన నెత్తినే వేసుకుందని అప్పటిదాకా తెలియదు. అతనికి తన మీద తనకే ఏవగింపు కలిగింది.

“నీ తప్పు లేదు రాజీ,” అన్నాడు అలవాటుగా. అని, ఆ మాట నోట్లోనే చేదై, తలుపు వదిలి బయటికి నడిచాడు.

సారవ్వ తన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎండ కాచుకుంటోంది. లోపల రమ బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. రఘుపతి మెట్టు మీద కూర్చున్నాడు. డ్యూటీ బట్టలు కూడా విప్పలేదు.

“అవ్వా, ఆనాడు నువ్వు పిలిచినప్పుడు నేను నిద్రల లేను. మెలకువతోనే ఉన్న.”

సారవ్వ అతని వైపు తల తిప్పింది. ఆమెకి ఇప్పుడు ప్రతి మాటా బరువే, వంకర నోటితో ఒక్కొక్కటీ దొర్లించుకు రావాలి.

“ఎరుకే,” అంది.

“నీకెట్ల ఎరుక?”

“పిలిచినంక కూలరు జోరుగైంది. దానంతటదే గాదుగదా.”

ఆ ముసలామెకి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే గసగసాలు పంపింది. తెలిసే ఆముదం రాయమంది.

“పండుకున్నోన్ని లేపచ్చు కొడుకా. పండుకున్నట్టు జేసెటోన్ని లేపలేం. గందుకే మల్ల పిలువలే. మా ఇంటికి పోదామని తిరిగిన, పడిపోయిన.”

“నా మీద కోపం లేదా అవ్వా?”

“ఎందుకుండది? ఎడమచేత్తోని అన్నం తినేటప్పుడు మస్తొస్తది.”

“మరి పాలెందుకు పంపినవ్?”

“నువ్వు నడిపే బండి కింద ఇంకొకల్ల కొడుకులుంటరు. నువ్వు పండుకోవాలె.”

అతను మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. సారవ్వ ఎడమచెయ్యి ఎత్తి ఏదో చెప్పబోయి, మాట కుదరక, మళ్లీ మొదలుపెట్టింది.

“రాయమల్లుకు జెప్పలే. జెప్తె కొట్లాటైతది. మన రెండిండ్లకు గోడ ఒక్కటే. రాజకుమారికి సుత జెప్పలే. అదే నాది తప్పు. ఆ పిల్ల ఏడ్సుకుంట నా చెయ్యి ఒత్తుతాంటె, నాకు ఒత్తెటోల్లు గావాలె గద అని నోరు మూసుకున్న. నువ్వు నీ కాడ దాసుకున్నవ్, నేను నా కాడ దాసుకున్న. దానిమీదనే పడ్డది అంత. నాకు ఎరుకున్నదే నాకు జెప్పినవ్. ఎరుక లేనామెకు పొయ్యి జెప్పు.”

ఆ పదడుగుల దూరం నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది. రాజకుమారి బట్టలు మార్చుకుని చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఏదీ దాచలేదు. పిలుపు విన్నది, విసుక్కున్నది, కూలర్ తిప్పింది, హాయిగా నిద్రపోయింది, రాయమల్లుకి అబద్ధం చెప్పింది, అన్నీ వరసగా. ఆమె చేతులు బియ్యంలో ఆగిపోయాయి. కోపగిస్తుందనుకున్నాడు. చేట విసిరికొడుతుందనుకున్నాడు. నిజానికి కొడితే బాగుండుననుకున్నాడు.

ఆమె చేట పక్కకి జరిపి లేచింది. “అన్నం ఇంక గాలే. రాత్రి పాలున్నయ్, తాగి పండుకో. రాత్రికి డ్యూటీ ఉన్నది,” అని మాత్రం అంది.

ఒంటికి సిగ్గుండదు. అతను మంచం మీద వాలాడు. ఆమె మొహం ఎలా ఉందో ఆలోచిద్దామనుకున్నాడు, రమకీ రాయమల్లుకీ ఎలా చెప్పాలో ఆలోచిద్దామనుకున్నాడు. ఆ రెండూ అనుకునేలోపే నిద్ర ముంచేసింది. కలలు లేవు. పిలుపులు లేవు. గుండె మీద నుంచి రాయి దించిన మనిషి ఎలా పడుకుంటాడో అలా పడుకున్నాడు. గురక మళ్లీ వీధిలోకి వినిపించిందని జగదీశ్వర్ భార్య తర్వాత చెప్పింది.

లేచేసరికి సాయంత్రం వాలుతోంది. ఒళ్లంతా తేలికగా ఉంది, కళ్లు తేటగా ఉన్నాయి, ఆకలి వేస్తోంది. ఇంతకాలానికి ఆకలి వేస్తున్నందుకు ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది. ముందు గదిలోకి వచ్చాడు. రాజకుమారి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. పగలంతా కదిలినట్టు లేదు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“జెర సేపన్న ఒరగకపోయినవా?” అన్నాడు మెల్లగా.

“ఒరిగిన. నిద్రస్తలేదు.”

అతను ఆమె పక్కన కూర్చోబోయాడు. ఆమె జరగలేదు, పొమ్మనలేదు. అతని వైపు చూడకుండా, ఎవరి గురించో చెబుతున్నట్టు మాట్లాడింది.

“ఊరంత నన్ను అన్నరు. రమ మొఖం మీదనే అన్నది. నేను వడ్డ. ఎట్ల వడ్డనో ఎరుకనా? నువ్వొక్కనివి, నీ తప్పు లేదు రాజీ అంటుంటివి. లోకమంత తప్పన్నా నా మొగడు అంటలేడు గదా, నా మీద గంత ప్రేమున్నది, పాయిరమున్నది గదా అని ఆ ఒక్క మాట పట్టుకొని బతికిన ఇన్నొద్దులు.”

కూర్చోబోయిన రఘుపతి మళ్లీ లేచి నిలబడ్డాడు.

“పాయిరంతోని అంటున్నవనుకున్న,” అంది రాజకుమారి. “ఎరుకై అంటున్నవనుకోలే.”

కడుపునిండా నిద్రపోయి లేచిన మనిషి, నిద్రలేని ఆమె ముందు ఎక్కడ కూర్చోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.